వాడిన పవర్ విజన్ కొన్న అనుభవం: పరికరం బాగుంది, లైసెన్స్ లేదు

మే నెల మధ్యాహ్నం విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర హార్లే ఐరన్ 883 బైకు మీద రెండు నిమిషాలు ఆగినవారికి ఈ పరికరం అవసరం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. నా బండి 2015 మోడల్. కంపెనీ ఇచ్చిన ఎయిర్ క్లీనర్ తీసి, గాలిని ధారాళంగా పీల్చే రకం బిగించిన తర్వాత, యాక్సిలరేటర్ వదిలిన ప్రతిసారీ సైలెన్సర్‌లో చిటపటలు మొదలయ్యాయి, కుడి తొడకు తగిలే సెగ కూడా పెరిగింది. లోపలికి వెళ్లే గాలి పెరిగినా ఈసీఎమ్‌లో, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో, ఉన్న పెట్రోలు లెక్క పాతదే కావడం వల్ల మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోలు అందదు. ఆ లెక్కను మార్చి ఈసీఎమ్‌లోకి తిరిగి రాయడానికి పనికొచ్చే చేతి పరికరమే అమెరికాకు చెందిన డైనోజెట్ సంస్థ తయారుచేసే పవర్ విజన్. కొత్తది తెప్పించుకుంటే దిగుమతి సుంకంతో కలిపి తడిసిమోపెడవుతుందని వెనుకాడుతున్న సమయంలో, గుంటూరులో తన హార్లేను అమ్మేసిన ఒకాయన దగ్గర వాడినది ఉందని తెలిసి, ఒక ఆదివారం వారధి దాటి వెళ్లాను.

కొనేముందు నేను సరిగా చూసుకున్నది ఒక్కటే, ప్లగ్గు. ఈ పరికరంలో పీవీ-1 అనే రకం పాత బండ్లకు సరిపోయే నాలుగు పిన్నుల కేబుల్‌తో, పీవీ-2 అనే రకం తర్వాతి బండ్లకు సరిపోయే ఆరు పిన్నుల కేబుల్‌తో వస్తాయి. హార్లేలో సాఫ్ట్‌టెయిల్ బండ్లు 2011లో, డైనాలు 2012లో ఆరు పిన్నులకు మారగా, ఐరన్ వంటి స్పోర్ట్‌స్టర్లు 2014లో మారాయి. ఆయన దగ్గర ఉన్నది పీవీ-2. పరికరాన్ని నా బండికి కలిపి, ఇగ్నిషన్ ఆన్ చేయగానే తెర వెలిగింది, బండి నంబర్లు కనిపించాయి, ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఆర్‌పీఎమ్ ముల్లు కదిలింది. "చూశారుగా అన్నా, తెర మీద గీత కూడా లేదు, ఫుల్ వర్కింగ్," అన్నాడాయన. 18,000 రూపాయలు చేతిలో పెట్టి, గెలిచినవాడిలా కాజ టోల్ మీదుగా తిరిగి వచ్చాను.

ఆటోనగర్‌లో నాకు తెలిసిన మెకానిక్ ఆ డబ్బాను చేతిలోకి తీసుకుని అడిగిన మొదటి ప్రశ్న, "లైసెన్స్ మిగిలి ఉందా సార్?" అన్నది. ఆయన అడుగుతున్నది డ్రైవింగ్ లైసెన్స్ గురించి కాదని నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. పవర్ విజన్ కొన్నప్పుడు దానితోపాటు ఒక బండికి ట్యూన్ (అంటే మార్చిన ఇంధన లెక్కల ఫైలు) రాసుకునే లైసెన్స్ వస్తుంది. మొదటిసారి ఒక ఈసీఎమ్‌లోకి ట్యూన్ రాసిన క్షణంలోనే ఆ లైసెన్స్ ఆ బండికి ముడిపడిపోతుంది. తర్వాత అసలు ఫైలును తిరిగి వేసి బండిని కంపెనీ స్థితికి తెచ్చినా ఆ ముడి వీడదు. వేరే బండికి కలిపితే మీటర్లు చూపిస్తుంది, ప్రయాణం వివరాలు నమోదు చేస్తుంది, ట్యూన్ రాయమంటే మాత్రం లైసెన్స్ లేదని మొండికేస్తుంది. గుంటూరులో నేను చూసిన పరీక్ష అంతా మీటర్లు చూపించే ఆ మొదటి పనికి సంబంధించినదే. ఆయనకు విషయం తెలిసే దాచాడో, తెలియకనే అమ్మాడో నేను తేల్చలేను గాని, ఫోన్ చేస్తే మాత్రం "నా బండికి బాగానే పనిచేసిందన్నా" అన్నాడు, అందులో అబద్ధమేమీ లేదు.

అన్ని కంపెనీలూ ఇదే పద్ధతి పాటించవు. కార్లకు వాడే కాబ్ యాక్సెస్‌పోర్ట్ కూడా ఒకసారికి ఒకే కారుతో ముడిపడుతుంది. ఈ రంగంలో దాన్ని పెళ్లి అనే అంటారు. అయితే అక్కడ విడాకులకు దారి ఉంది. పాత యజమాని తన కారులోంచి సక్రమంగా అన్‌ఇన్‌స్టాల్ చేస్తే పరికరం మళ్లీ ఖాళీ అవుతుంది. అందుకే అది వాడినది కొనేవారు అన్‌ఇన్‌స్టాల్ చేసినట్టు చూపే తెరను కళ్లారా చూడాలి, ఎందుకంటే కారు అప్పటికే చేతులు మారి ఉంటే ఆ పని చేయడానికి కారు ఎక్కడ దొరుకుతుంది? హెచ్‌పీ ట్యూనర్స్ అనే మరో కంపెనీ వారి ఎంపీవీఐ2, ఎంపీవీఐ3 అనే ట్యూనింగ్ పరికరాలది డబ్బు పెట్టి కొనుక్కునే క్రెడిట్ల లెక్క. ఈసీయూలోని (అదీ ఇంజిన్ కంప్యూటరే) ఫైలును చదవడానికి రుసుము లేదు, రాయడానికి మాత్రం ఆ వాహనానికి లైసెన్స్ తీసుకోవాలి, ఎన్ని క్రెడిట్లు కావాలన్నది వాహనాన్ని బట్టి మారుతుంది. వేరొకరి కారుకు తీసిన లైసెన్స్ ఆ పరికరంలో ఎన్ని ఉన్నా మన కారుకు ఒరిగేదేమీ ఉండదు.

నిజానికి పవర్ విజన్‌లోనే పరికరం వివరాల పేజీ ఉంది, అందులో ఎన్ని లైసెన్స్‌లు వాడారో, ఎన్ని మిగిలాయో కనిపిస్తుంది. నేను ఆ పేజీ తెరవలేదు, తప్పు నాదే. చివరికి పరికరం సీరియల్ నంబరుతో అదనపు లైసెన్స్ ఒకటి డాలర్లలో కొని, విండోస్ కంప్యూటర్‌కు కలిపి అప్‌డేట్ చేశాక గాని అది నా బండిని అంగీకరించలేదు. ఆ ఖర్చు కూడా కలుపుకుంటే, మొదట్లో నేను మిగిలిందనుకున్న సొమ్ములో చాలా భాగం ఆవిరైంది.

ఇక పరికరం పనితీరుకు వస్తే, నాకు ఫిర్యాదు లేదు. ముందుగా అసలు ఫైలును భద్రపరచమని అడుగుతుంది, ఆ పని తప్పక చేయాలి. రాసేటప్పుడు బ్యాటరీ నీరసించకూడదు కాబట్టి మేము ఛార్జర్ తగిలించే ఉంచాం. తర్వాత ఆటోట్యూన్ బేసిక్ పద్ధతిలో, బండిలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్లే ఆధారంగా, విజయవాడ నుంచి గుంటూరుకు నాలుగు సార్లు వెళ్లివచ్చి, ప్రతిసారీ అది నేర్చుకున్న దిద్దుబాట్లను ట్యూన్‌లోకి ఎక్కించాం. ఆ సెన్సర్లు సన్నని పరిధిలోనే కొలుస్తాయి కనుక, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పటి మిశ్రమాన్ని సరిచూడాలంటే విశాలమైన పరిధిలో కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్లతో ఆటోట్యూన్ ప్రో వంటిది కావాలి, నాకు అంత అవసరం రాలేదు. చిటపటలు దాదాపు పోయాయి. సిగ్నల్ దగ్గర సెగ పూర్తిగా పోలేదు గాని, తొడ పక్కకు జరుపుకోవాల్సినంత లేదు. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్న ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు సంగతి కూడా లెక్కలో ఉండాలి. ఇథనాల్ కలపని పెట్రోలు ఒక పాలు మండడానికి బరువు లెక్కన 14.7 పాళ్ల గాలి కావలసినచోట దీనికి సుమారు 13.5 పాళ్లే సరిపోతుంది, అంటే పాత లెక్క ప్రకారం ఇంధనం పోస్తే మిశ్రమం మరింత పలచన అవుతుంది. విదేశాల్లో ఎవరో తయారుచేసిన ట్యూన్ ఫైలును అలాగే వేసుకోవడం అందుకే నాకు నచ్చదు.

ఈ లైసెన్స్‌కూ, రవాణా శాఖ అనుమతికీ సంబంధం లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని ఉన్నాయి. పొగ, శబ్దాల ఉల్లంఘనకు 190వ సెక్షన్ వేరుగా ఉంది. సైలెన్సర్ కంపెనీదే ఉంచాను, ట్యూన్ పూర్తయ్యాక పొల్యూషన్ పరీక్ష మళ్లీ చేయించి సర్టిఫికెట్ తీసుకున్నాను.

పరికరానికి అయిదుకు నాలుగు మార్కులు, నేను కొన్న తీరుకు ఒకటి. లైసెన్స్ మిగిలి ఉన్నది దొరికితే కొత్తదాని ధరలో మూడింట రెండు వంతులు పెట్టినా నష్టం లేదు. లేనిదైతే కేబుల్‌కూ డబ్బాకూ మాత్రమే వెల కట్టి, అంతకు మించి ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు.