ఆప్షన్ గ్రిడ్: రొమ్ము ఆపరేషన్‌కి ముందు సర్జన్ చేతికివ్వాల్సిన కాగితం

రొమ్ము క్యాన్సర్ తొలి దశలో ఉన్న చాలామందికి రెండు దారులుంటాయి. గడ్డని చుట్టూ కొంత మంచి కండతో సహా తీసి తర్వాత రేడియేషన్ ఇవ్వడం ఒకటి, రొమ్ము మొత్తం తీసేయడం రెండోది. ఏది కావాలో సర్జన్, పేషెంట్ కలిసి తేల్చుకోడానికి వైద్య పరిశోధకుడు గ్లిన్ ఎల్విన్ బృందం తయారుచేసిందే ఆప్షన్ గ్రిడ్. ఒక్క పేజీ. ఎడమవైపు ప్రశ్నలు, ఎదురుగా రెండు గడుల్లో జవాబులు: ఏది చేయించుకుంటే ఎక్కువ కాలం బతుకుతాం, మళ్లీ వస్తుందా, రెండోసారి ఆపరేషన్ పడుతుందా, కరెంటు (రేడియేషన్) పెట్టించుకోవాలా, చంకలో బిళ్లలు (లింఫ్ గ్రంథులు) తీస్తారా, కీమో ఉంటుందా, జుట్టు ఊడుతుందా.

అసలు మేలంతా ఆయుష్షు గడిలో ఉంది. రెండు దారులూ సమానమేనని అక్కడ సూటిగా రాసి ఉంటుంది. "మొత్తం తీసేస్తే పీడ వదులుతుంది" అనే మాట మన ఇళ్లలో బలంగా పాతుకుపోయింది. అమెరికన్ సర్జన్ బెర్నార్డ్ ఫిషర్ బృందం 1,851 మందిని 20 ఏళ్లు గమనించి 2002లో ప్రకటించిన ఫలితాల్లో ఏ ఆపరేషన్ అయినా బతికినవాళ్ల లెక్కలో తేడా రాలేదు. కీమో గడి కూడా ముఖ్యమే. కీమో కావాలా అన్నది గడ్డ స్వభావాన్నీ, వ్యాప్తినీ బట్టి తేలుతుంది. రొమ్ము వదులుకుంటే కీమో తప్పుతుందన్న ఆశతో సంతకం పెట్టే వాళ్లకి ఈ సంగతి ముందే తెలియాలి.

మన దగ్గర ఎక్కువసేపు ఆగాల్సింది రేడియేషన్ గడి దగ్గర. ఫిషర్ లెక్కల్లోనే, గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్లలో 20 ఏళ్లలో అదే రొమ్ములో మళ్లీ వచ్చింది 14.3 శాతం మందికి, ఇవ్వనివాళ్లలో 39.2 శాతం మందికి. సగంలో మానేస్తే ఈ దారికి అర్థం లేదు. 15 సిట్టింగుల పద్ధతిలో వారానికి ఐదు రోజుల చొప్పున మూడు వారాలు వెళ్లాలి. కాగితంలో రేడియేషన్ గురించి క్లుప్తంగానే ఉంటుంది. మెషీన్ ఉన్న ఊరు ఎంత దూరం, అన్నాళ్లు ఎక్కడ ఉండాలి, వెంట ఎవరొస్తారు, ఆరోగ్యశ్రీలో ఏమేం వస్తాయి అన్నవి సర్జన్ నోటితో చెప్పాలి. మొత్తం తీసినా, జబ్బు బిళ్లల్లోకి పాకితే కరెంటు పడవచ్చన్నది కూడా.

వాడే తీరు తేలికే, చెడగొట్టడం అంతకన్నా తేలిక. ఇది దేనికో రెండు ముక్కల్లో చెప్పి, "మీరే చదువుకుంటారా, నన్ను చదవమంటారా అమ్మా?" అని అడిగి, కాగితం ఆమె చేతికివ్వాలి. తర్వాత సర్జన్ మాట్లాడకూడదు. ఆమె వేలు ఏ గడి మీద ఆగిందో అక్కణ్ణుంచి మాట మొదలుపెట్టాలి. భర్తకో కొడుక్కో ఇస్తే ప్రశ్నలు వాళ్లవే అవుతాయి. సర్జన్ తనకు నచ్చిన దాని పక్కన ముందే టిక్కు పెడితే ఆమెకి ఎంచుకోడానికి ఏమీ మిగలదు. సమ్మతి పత్రంతో కలిపి సంతకం పెట్టించడం మరీ తప్పు. వేరే దారులు ఏమున్నాయో చెప్పాకే సమ్మతి చెల్లుతుందని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టం చేసింది.

చదువు అంతగా లేనివాళ్లకి బొమ్మల గ్రిడ్ మేలు. అమెరికాలో నాలుగు క్యాన్సర్ కేంద్రాల్లో పరీక్షించి 2021లో వెలువరించిన ఫలితాల్లో, బొమ్మల కాగితం వాడినచోట పేషెంట్లకి విషయం బాగా అర్థమైంది, కలిసి నిర్ణయించుకోవడమూ పెరిగింది.

లోటు కూడా ఉంది. రెండు దారులూ తెరిచి ఉన్నప్పుడే ఈ కాగితం పనికొస్తుంది. ఒకే రొమ్ములో దూరదూరంగా గడ్డలున్నా, వాపుతో ఎర్రబడే రకమైనా, ఆ చోట ఇదివరకే రేడియేషన్ ఇచ్చి ఉన్నా గడ్డ మాత్రమే తీసే దారి మూసుకుపోవచ్చు; సర్జన్ మొదట ఆ సంగతి చెప్పాలి. పెద్ద గడ్డతో వచ్చి ముందు కీమో తీసుకునేవాళ్ల గురించి గ్రిడ్‌లో ఏమీ లేదు. వాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: కీమోకి ముందే గడ్డలో క్లిప్ (చోటు తెలిపే చిన్న లోహపు గుర్తు) పెడతారా? గడ్డ పూర్తిగా కరిగిపోతే ఎక్కడ కోయాలో సర్జన్‌కి గుర్తు దొరకదు, రొమ్ము నిలుపుకునే దారి అక్కడే మూసుకుపోవచ్చు.