‘మెమరీ మిక్స్’: జీడిపప్పుకు మార్కులు, లేబుల్‌కు సున్నా

విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక డ్రైఫ్రూట్ షాపులో ‘మెమరీ మిక్స్’ అని అమ్ముతున్నారు. పావుకిలో డబ్బా 480 రూపాయలు. బాదం, అక్రోట్, జీడిపప్పు, గుమ్మడి గింజలు కలిపింది. మూత మీద ‘భారలోహాల వల్ల వచ్చే మతిమరుపు నుంచి రక్షణ’ అని ఎర్రక్షరాలు.

నాది వెల్డింగ్ షెడ్డు. గేట్లు, గ్రిల్స్ చేస్తాను. రాడ్డు కాలినప్పుడు లేచే పొగలో మాంగనీసు ఉంటుంది. ఏళ్ల తరబడి ఎక్కువగా పీలిస్తే వణుకు, నడక తడబడటం, మతిమరుపు దాకా వెళ్తుంది. మన జిల్లాలో ఈ పేరు తెలియనివాళ్లు తక్కువ, దేశంలో మొదట 1892లో మాంగనీసు తవ్వింది ఇక్కడే కదా. అందుకే ఆ అక్షరాలు చూసి ఆగాను.

ముందు సరుకు సంగతి. జీడిపప్పు పలాసది అన్నాడు షాపువాడు, నిజమే అనిపించింది. 320 సైజు గుళ్లు, అంటే పౌనుకు 300 నుంచి 320 తూగుతాయి. తెల్లగా ఉన్నాయి, పొట్టు మరక లేదు, విరిస్తే టక్కుమంది. బాదం పర్వాలేదు. అక్రోట్ మాత్రం దారుణం. అన్నీ ముక్కలే, అంచులు గోధుమరంగుకి తిరిగిపోయాయి, మూత తీయగానే పాత పెయింటు డబ్బా తెరిచినట్టు వాసన. దాంట్లో నూనె గాలికీ వెలుతురుకీ తొందరగా కనరెక్కే రకం. వీళ్లేమో ఎండ పడే గాజు షోకేసులో పేర్చారు! నాలుగింట్లో, మెదడుకు మంచిదని చెప్పే ఒమేగా-3 కొవ్వు చెప్పుకోదగ్గంత ఉండేది అక్రోట్‌లోనే. అదే పాడైతే ఇక పేరెందుకు?

‘ఇదేటి బాబూ, మతిమరుపు రాదని ఎలా రాశారు?’ అనడిగాను.

‘పరిశోధనల్లో తేలింది బాబాయ్’ అన్నాడు కౌంటర్లో కుర్రాడు.

మా అమ్మాయి ఫార్మసీ చదువుతోంది, అడిగితే చెప్పింది. పరిశోధనలు ఉన్న మాట నిజమే, కానీ ఎలుకల మీద. కాడ్మియం అనే భారలోహం ఇచ్చిన ఎలుకలకు బాదం, అక్రోట్ పెడితే జ్ఞాపకశక్తి పరీక్షల్లో నయంగా చేశాయట. మనుషుల దగ్గరికొస్తే, అమెరికాలో, స్పెయిన్‌లో 60 దాటిన ఆరోగ్యవంతులు సుమారు 700 మందిని తీసుకుని, సగం మందికి రెండేళ్లు అక్రోట్ పెట్టి చూశారు. 2020లో వచ్చిన ఫలితం: మొత్తమ్మీద తేడా లేదు. అందులోనూ వాళ్లను లోహాల పొగ పీల్చేవాళ్లని ఎంచుకోలేదు.

ఇంకో విచిత్రం, ఈ పప్పుల్లోనూ మాంగనీసు ఉంటుంది. తింటే భయం లేదు, ఒంటికి కావలసినంత ఉంచుకుని మిగతాది కాలేయం పిత్తంతో బయటికి పంపేస్తుంది. పొగ ఊపిరితిత్తుల్లోంచి నేరుగా రక్తంలో కలుస్తుంది, అదీ తంటా. తువ్వాలు కట్టుకుంటే ఆ పొగ ఆగదు. ఎగ్జాస్ట్ కావాలి, పొగకని తయారైన రెస్పిరేటర్ (వడపోత ఉన్న మాస్కు) కావాలి. ఈ డబ్బాలు నెలనెలా కొనే డబ్బుతో ఆ రెస్పిరేటర్ వచ్చేస్తుంది.

కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు నుంచి కొనేవాళ్లకు ఒక మాట. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పప్పుల్లోని పొటాషియం, ఫాస్ఫరస్ ఇబ్బంది పెట్టొచ్చు, డాక్టర్నడక్కుండా మొదలుపెట్టకండి. డబ్బా మీద ఆ ముక్క ఎక్కడా లేదు.

ఫిర్యాదు చేస్తే పేచీ పెట్టకుండా డబ్బా మార్చారు, అది మెచ్చుకోవాలి. కొత్తదాంట్లో అక్రోట్ కాస్త నయం, ప్యాకింగ్ తేదీ మాత్రం దాని మీదా లేదు. అదే షాపులో జీడిపప్పు విడిగా తూచి ఇస్తారు. అది కొనుక్కోండి.