అప్పులపై సలహా చెప్పే పనిలోకి రావాలంటే ఏ శిక్షణ మేలు?

లెక్కల మీద పట్టుండి, డబ్బు విషయంలో నలుగురికి దారి చూపాలనుకునే డిగ్రీ కుర్రాళ్లు, అమ్మాయిలు ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. పెట్టుబడి సలహాకు షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ రిజిస్ట్రేషన్ కావాలి, బీమా ఏజెంటు కావాలంటే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం పరీక్ష పాసవ్వాలి. అప్పుల్లో కూరుకుపోయిన కుటుంబానికి సలహా చెప్పడానికి మాత్రం మన దేశంలో ప్రత్యేక లైసెన్సంటూ లేదు. అందుకే ఈ పనికి ఏ శిక్షణ సరిపోతుందో ఎవరికి వారే తేల్చుకోవాలి. మీ ఎదుట కూర్చోబోయేది చేతిలో నాలుగు డబ్బులు మిగిలినవాళ్లా, బాకీ ఉన్నవాళ్లా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

అందరూ ముందు చూసేది మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ దారి. సెబీ స్థాపించిన ఎన్‌ఐఎస్‌ఎం అనే సంస్థ పెట్టే ఐదు-ఏ పరీక్షలో 100 ప్రశ్నలు, 50 శాతం వస్తే పాస్, తప్పు జవాబుకు మార్కులు కోయరు. తర్వాత ఫండ్ కంపెనీల సంఘమైన యాంఫీ దగ్గర ఏఆర్‌ఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు తీసుకుంటే పని మొదలుపెట్టొచ్చు. ఆదాయం కమీషన్ మీద. చిక్కంతా అక్కడే ఉంది. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చినవాడు ఏడాదికి 36 శాతం కడుతున్నట్టు లెక్క. అంత రాబడి ఏటా ఇస్తానని ఏ ఫండూ చెప్పలేదు. అతను ముందు ఆ అప్పు తీర్చాలి. కానీ అతను సిప్ (నెలనెలా ఫండ్‌లో పెట్టే డబ్బు) కడితేనే మీకు కమీషన్. అప్పులున్నవాళ్లకు సాయపడాలన్నదే మీ కోరికైతే ఈ దారి వద్దనే చెబుతాను.

సెబీ రిజిస్టర్డ్ ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ దారి దీనికంటే ఎంతో శుభ్రం. 2013 నిబంధనల ప్రకారం వీళ్లు క్లయింటు దగ్గర ఫీజు తీసుకుంటారు, ఆ క్లయింటుకు అమ్మే పథకాల మీద కమీషన్ ముట్టకూడదు. ఎన్‌ఐఎస్‌ఎం పది-ఏ, పది-బీ పరీక్షలు రాయాలి. ఇంకా లోతుగా చదవాలంటే సీఎఫ్‌పీ (సర్టిఫైడ్ ఫైనాన్షియల్ ప్లానర్) కోర్సు ఉంది. పెట్టుబడి, రిటైర్‌మెంట్, పన్నులు, బీమా, వారసత్వం అన్నీ అందులో వస్తాయి. ఇంటి లోను, కారు లోను, రెండు మూడు క్రెడిట్ కార్డుల ఈఎంఐలతో సతమతమయ్యే మాదాపూర్, గచ్చిబౌలి ఉద్యోగులకు ఈ చదువుతో బాగా సాయపడొచ్చు. వాళ్లు ఫీజు ఇవ్వగలరు, మీ బతుకూ గడుస్తుంది. చిట్టీ పాడి, నగలు తాకట్టు పెట్టి, యాప్‌లో కూడా అప్పు తెచ్చుకున్న మనిషి మాత్రం ఈ ఆఫీసు మెట్లెక్కడు.

ఆ మనిషి దగ్గరకు వెళ్లేది క్షేత్రస్థాయి పని. ఆర్బీఐ సూచనలతో లీడ్ బ్యాంకులు ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలు నడుపుతున్నాయి. వాటిలో కౌన్సిలర్లుగా చాలావరకు రిటైరైన బ్యాంకు అధికారులే ఉంటారు. కొత్తవాళ్లకు ఎక్కువ అవకాశం 2017లో 80 బ్లాకుల్లో ప్రయోగంగా మొదలై తర్వాత విస్తరించిన సీఎఫ్‌ఎల్ (సెంటర్ ఫర్ ఫైనాన్షియల్ లిటరసీ) కేంద్రాల్లో ఉంది. వీటిని స్వచ్ఛంద సంస్థలు నడుపుతాయి, సిబ్బందికి శిక్షణా ఇస్తాయి. ఊరూరా తిరుగుతారు, మనుషులతో మాట్లాడటం వస్తుంది. అయితే పనిలో పెద్ద భాగం అవగాహన శిబిరాలే: ఖాతాలు, ఏడాదికి 436 రూపాయల జీవనజ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా, సైబర్ మోసాలు. ఒక్క కుటుంబంతో రెండు గంటలు కూర్చుని దాని అప్పులన్నీ కాగితం మీద పెట్టే తీరిక దొరకడం కష్టం.

పొదుపు సంఘాల్లో వీఓఏగానో (గ్రామ సంఘం సహాయకురాలు), సీఆర్‌పీగానో (సంఘాలకు శిక్షణ ఇచ్చే కార్యకర్త) పనిచేసే అక్కలకు ఆ తీరికా ఉంటుంది, ఊరి గుట్టూ తెలుసు. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను కుదిపేసిన మైక్రోఫైనాన్స్ సంక్షోభంలో ఏ ఇంట్లో ఎన్ని సంస్థల అప్పుందో తెలిసినవాళ్లు సంఘాల ఆడవాళ్లే. కానీ సంఘం బాకీ వసూలు భారం కూడా వీళ్ల మీదే పడుతుంది. కిస్తీ కట్టలేని మనిషి, ఆ కిస్తీ అడిగే అక్కకు మిగతా అప్పులు చెప్పుకోలేదు. సలహా ఇచ్చే నోరు, బాకీ అడిగే నోరు ఒకటి కాకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ఎవరూ పెద్దగా పట్టించుకోని దారి పారాలీగల్ వాలంటీర్ శిక్షణ, అంటే వకీలు కాకపోయినా న్యాయ విషయాల్లో జనానికి తోడుండే స్వచ్ఛంద సేవకుల శిక్షణ. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇస్తుంది. నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) పథకం 2009 నాటిది, పెద్ద చదువులు అక్కర్లేదు. అప్పున్న మనిషి మొదట అడిగేది బడ్జెట్ గురించి కాదు, ‘రేపు రికవరీ వాళ్లు ఇంటికొస్తే ఏం చెయ్యాలి?’ అని. ఆ ప్రశ్నకు జవాబు ఉండేది నిబంధనల్లో. ఆర్బీఐ రూల్స్ ప్రకారం మైక్రోఫైనాన్స్ అప్పుకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. బ్యాంకుల, ఫైనాన్స్ కంపెనీల మిగతా అప్పుల వసూలుకు ఈ హద్దు 8 నుంచి 7. ప్రామిసరీ నోటుకు మామూలుగా మూడేళ్ల కాలపరిమితి, తిరగరాస్తే మళ్లీ మొదటికి. బ్యాంకులు తాకట్టు ఆస్తిని కోర్టుకెళ్లకుండానే జప్తు చేసుకునే సర్ఫేసీ చట్టం కింద వ్యవసాయ భూమిని జప్తు చేయలేరు. ఐపీ (దివాలా) పెట్టడమంటే 1920 నాటి చట్టం కింద కోర్టుకెళ్లడం, దాని మంచిచెడ్డలు వకీలుతో మాట్లాడకుండా తేల్చకూడదు. ఇవన్నీ ఆ కొద్ది రోజుల శిక్షణలోనే రావు, సొంతంగా చదువుకోవాలి. లోక్ అదాలత్ ఎలా నడుస్తుందో, అర్జీ ఎలా రాయాలో, మనిషిని ఏ గుమ్మానికి తీసుకెళ్లాలో మాత్రం అక్కడే అలవాటవుతుంది. ఇచ్చేది గౌరవ భృతి మాత్రమే, దాంతో ఇల్లు గడవదు. జనం దగ్గర పైసా తీసుకోకూడదు.

ఏ దారిలో వెళ్లినా వడ్డీ లెక్క కట్టడం రావాలి. రోజువారీ ఫైనాన్స్‌నే తీసుకోండి. పది వేల అప్పులో వెయ్యి ముందే కోసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యే కదా అనిపిస్తుంది. అసలు రోజురోజుకూ తగ్గిపోతోంది కాబట్టి, వంద రోజుల్లో మన దగ్గర సగటున ఉన్నది నాలుగున్నర వేలే. ఏడాది లెక్కలో వడ్డీ 80 శాతం దరిదాపు. చేరబోయే కోర్సులో ఈ లెక్క నేర్పుతారా అని ముందే అడగండి.

‘ఈఎంఐలు ఆపేయండి, మేం సెటిల్ చేయిస్తాం’ అనే కంపెనీలు కూడా ఉద్యోగమిచ్చి శిక్షణ ఇస్తాయి. అక్కడికి వెళ్లకండి. బాకీ పూర్తిగా కట్టకుండా తేల్చుకున్నారని చెప్పే సెటిల్డ్ అన్న మాట క్రెడిట్ రిపోర్టులో పడితే తర్వాత లోను పుట్టడం ఎంత కష్టమో ఆ జనానికి ముందు ఎవరూ చెప్పరు.

నన్నడిగితే సీఎఫ్‌ఎల్ లాంటి చోట జీతం మీద చేరి, ఆ ఉద్యోగంలో ఉంటూనే పారాలీగల్ శిక్షణ తీసుకోమంటాను. రెండు మూడేళ్లు ఊళ్లలో తిరిగాక సొంతంగా ఆఫీసు పెట్టాలనిపిస్తే అప్పుడు పది-ఏ, పది-బీ రాయండి. ఫీజు ఇవ్వగలిగినవాళ్ల దగ్గర తీసుకోండి, వారంలో ఒక పూట ఇవ్వలేనివాళ్లకు కేటాయించండి. ఇంటి బాధ్యతలు లేని రిటైర్డ్ ఉద్యోగులైతే నేరుగా న్యాయ సేవాధికార సంస్థకే వెళ్లొచ్చు. బ్యాంకు అనుభవం ఉన్నవాళ్ల అవసరం అక్కడ చాలా ఉంది.