పాడి, పంట, గాదె: ఎడారి దేశం తిండికి ఏది మేలు?

2017 జూన్ 5న సౌదీ అరేబియా, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు దేశాలు ఖతార్‌తో తెగదెంపులు చేసుకోవడంతో, ఆ దేశానికి ఉన్న ఒకే ఒక్క భూమార్గం, అబూ సమ్రా సరిహద్దు, మూతపడింది. ఖతార్ తినే తిండిలో సుమారు 40 శాతం ఆ దారినే లారీల్లో వచ్చేది. కొన్ని గంటల్లోనే దోహా సూపర్‌మార్కెట్లలో పాలు, కోడిమాంసం పెట్టే అరలు ఖాళీ అయ్యాయి. కొద్ది రోజులకే టర్కీ నుంచి విమానాల్లో పాలు దిగాయి. అంతవరకు సౌదీ పాలకు అలవాటుపడిన జనం, సీసా మీది ‘సూత్’ అనే మాటకు పాలు అని అర్థం తెలుసుకుని కొనుక్కోవలసి వచ్చింది. ఏడాదికి 80 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా కురవని, తాగునీటిని సైతం సముద్రం నుంచే తీసుకునే దేశం తన తిండికి ఏ ఏర్పాటు చేసుకుంటే మేలన్న ప్రశ్న ఆ రోజుల్లో కంటికి కనిపించేంత స్పష్టంగా ముందుకు వచ్చింది.

సొంతంగా పండించుకోవడమే మేలన్న వాదనను పక్కనే ఉన్న సౌదీ అరేబియా ఎప్పుడో పరీక్షించి చూసింది. ప్రపంచ ధరకు ఎన్నో రెట్లు చెల్లించి రైతుల నుంచి గోధుమలు కొని, 1980ల్లో స్వయంసమృద్ధి సాధించి, 1990ల తొలినాళ్లకు పెద్ద ఎగుమతిదారుగా కూడా మారింది. అయితే ఆ పంట తాగింది వేల ఏళ్ల కిందట భూగర్భంలో చేరిన నీటిని, అంటే ఒకసారి తోడితే మళ్లీ నిండని నీటిని. చివరికి 2008లో ఏటా 12.5 శాతం చొప్పున కొనుగోళ్లు తగ్గించాలని నిర్ణయించి, 2016 నాటికి ఆ పథకాన్ని ముగించింది. ఏ రేవు నుంచైనా కొనగలిగి, నెలల తరబడి నిల్వ ఉంచుకోగలిగిన గింజ కోసం తిరిగిరాని నీటిని ఖర్చు చేయడం నా దృష్టిలో ఏ లెక్కకూ నిలవదు. శీతాకాలంలో అల్ మజ్రూఆ వంటి సంతల్లో అమ్మే ఖతార్ టమాటాలు, దోసకాయల సంగతి వేరు. వాటిని పండించడం సబబే, కానీ వాటితో కడుపు నిండదు.

పరాయి దేశంలో పొలాలు కొనడం రెండో దారి. ఖతార్ ఇందుకోసమే 2008లో హసాద్ ఫుడ్ సంస్థను నెలకొల్పి, ఆస్ట్రేలియాలో భూములు కొన్నది. సౌదీ పాడి సంస్థ అల్మరాయ్ 2014లో అమెరికాలోని అరిజోనాలో పశుగ్రాసం కోసం భూమి కొన్నది. అక్కడ దాని అనుబంధ సంస్థ కౌలుకు తీసుకున్న ప్రభుత్వ భూముల్లో కొన్నింటి కౌలును ఆ రాష్ట్రం 2023లో భూగర్భజలాల వివాదం నడుమ రద్దు చేసింది. పట్టా మన పేరున ఉన్నా చట్టం వారిదే. పైగా కరువు కాలంలో ఏ దేశమైనా ముందు తన జనానికే పెడుతుంది. 2023 జూలై 20న భారత్ బాస్మతియేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు విదేశాల్లోని తెలుగువారు సోనా మసూరి బస్తాల కోసం దుకాణాలకు పరుగెత్తడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ నెలలోనే యూఏఈ తన దగ్గరున్న బియ్యం బయటికి పోకుండా నాలుగు నెలలు పునరెగుమతిని ఆపింది.

పాడి విషయంలో మాత్రం నేను మొదట అనుకున్నది మార్చుకోవలసి వచ్చింది. 2017 జూలైలో జర్మనీ ఆవులు 165, బుడాపెస్ట్ మీదుగా, విమానంలో దోహాలో దిగినప్పుడు అది డబ్బున్నవారి ఆడంబరమనే చాలామంది నవ్వారు, నేనూ అలాగే అనుకున్నాను. అయినా దోహాకు ఉత్తరంగా దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో బలద్‌నా సంస్థ నడిపే క్షేత్రంలో మంద 20 వేలు దాటింది. ఫ్యాన్లు, నీటి తుంపరలతో చల్లబరిచిన కొట్టాల్లో అవి పాలిస్తున్నాయి. ఏడాది తిరిగేసరికి తాజా పాల కొరత తీరింది. ఆ ఆవులు మేసే గడ్డి, మన రైతులు లూసర్న్ అని పిలిచేదానితో సహా, చాలావరకు ఓడల్లోనే వస్తుంది కనుక ఇది నిజమైన స్వావలంబన కాదన్న విమర్శ సరైనదే. కానీ తాజా పాలు వారం దాటితే పనికిరావు, ఎండుగడ్డి బేళ్లు నెలల తరబడి నిల్వ ఉంటాయి. నిల్వ ఉండని సరుకు దిగుమతిని నిల్వ ఉండే సరుకు దిగుమతిగా మార్చడమే ఆ ఆవులు చేసిన అసలు మేలు.

అందువల్ల పాడికి బలం గాదెలోనే ఉంది. దిగ్బంధానికి ముందు ఖతార్‌కు వచ్చే సరుకులో పెద్ద భాగం దుబాయిలోని జెబెల్ అలీలో ఓడ మారి వచ్చేది. 2017 సెప్టెంబరులో లాంఛనంగా ప్రారంభమైన హమద్ రేవుకు ఒమన్‌లోని సొహార్, సలాలా నుంచి, మన దేశపు ముంద్రా, నవాశేవా రేవుల నుంచి నేరుగా ఓడలు రావడం మొదలయ్యాక ఒక పొరుగుదేశం దయమీద ఆధారపడే స్థితి తగ్గింది. అయినా సౌదీకి ఎర్ర సముద్రం, యూఏఈకి ఫుజైరా రేవు ఉన్నట్లు ఖతార్‌కు, గల్ఫ్‌లోకి వచ్చే ఏకైక సముద్ర ద్వారమైన హర్ముజ్ జలసంధికి వెలుపల రేవు లేదు. ఎన్ని దేశాల ఓడలు వచ్చినా అవన్నీ ఆ ఒక్క ఇరుకులోంచే దూరి రావాలి. అందుకే నా తూకంలో గోదాములకు మొదటి స్థానం, వాటిలోని దాణా మీద నడిచే పాడికి రెండో స్థానం, పరాయి పొలాలకు మూడో స్థానం దక్కుతాయి. ఎడారిలో గోధుమ సాగుకు అసలు చోటే లేదు. పాలలో ఎంత శాతం సొంతమని దోహాలో ఎవరైనా గొప్పగా చెబితే, గోదాములో ఎన్ని రోజుల గడ్డి ఉందని కూడా అడగాలి.