ప్లేస్టేషన్ 5 స్లిమ్: మిర్యాలగూడ ఎండలో, ఊక దుమ్ములో వాడి చూశాక

సోనీ వాళ్ల వీడియో గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 5లో సన్న మోడలైన స్లిమ్ గురించి మా దగ్గర ఎవరు అడిగినా ముందు వచ్చే ప్రశ్న ఒక్కటే: పాత లావు మోడల్ కంటే ఇది స్పీడా? కాదు. ఆట నడిచే తీరు, బొమ్మ నాణ్యత, లోడ్ అయ్యే టైమ్ అన్నీ పాతదానిలాగే ఉంటాయి. ప్రాసెసర్ శక్తి అదే, 16 జీబీ మెమరీ అదే. మారినవి పెట్టె సైజు, స్టోరేజీ, ఆట డిస్కులు పెట్టుకునే డిస్క్ డ్రైవ్ అమరిక. వీటిలో మనలాంటి ఊళ్లవాళ్లు ఎక్కువగా ఆలోచించాల్సింది డ్రైవ్ గురించే. ఎండాకాలం, వానాకాలం అన్నీ దాటించి, ఇంట్లో పిల్లల నుంచి పెద్దల దాకా అందరి చేతులూ పడ్డాక నా మాట ఇది: కొనుక్కోవచ్చు, కానీ డిస్క్ డ్రైవ్ ఉన్నదే కొనండి.

మన దేశంలో ఇది 2024 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పటి ధర డిస్క్ మోడల్‌కు 54,990 రూపాయలు, డ్రైవ్ లేకుండా ఆటలన్నీ ఇంటర్నెట్‌లోంచే దించుకునే డిజిటల్‌కు 44,990. పండగ సేళ్లలో ఐదు వేల దాకా తగ్గిన సందర్భాలున్నాయి, తొందర లేనివాళ్లు ఆగి కొనడం మంచిది.

సన్నబడటం వల్ల వచ్చిన లాభం నిజంగానే ఉంది. 2020లో వచ్చిన మొదటి డిస్క్ మోడల్ 4.5 కిలోలు, ఇది 3.2 కిలోలు. లోతు 26 సెంటీమీటర్ల నుంచి 21.6కు తగ్గింది. కాగితం మీద ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ మన ఇళ్లల్లో టీవీ కింద సిమెంటుతో కట్టించిన అరలు ఉంటాయి కదా, వాటి లోతు అడుగు, మహా అయితే అడుగుంపావు. పాతది అందులో పెడితే వెనక వైర్లకే చోటు చాలదు, ఇక గాలి ఎక్కడ తిరుగుతుంది? ఇది అదే అరలో పడుకోబెట్టినా వెనక కాస్త ఖాళీ మిగులుతుంది. ఇంకో సంగతి ప్రయాణం. సంక్రాంతికో దసరాకో ఎల్‌బీ నగర్‌లో ఉన్న బావమరిది ఇంటికి వెళ్లేటప్పుడు దీన్ని మామూలు కాలేజీ బ్యాగులో తువ్వాలు చుట్టి పెట్టుకుని బస్సెక్కుతాం. వాళ్ల లావు మోడల్‌ను అట్ల మోసుకురావాలంటే అట్టపెట్టె తప్పదు.

అయితే ప్లేస్టేషన్‌ను సన్నగా చేసిన ప్రతిసారీ ఏదో ఒకటి తీసేస్తూనే వచ్చారు. 2004లో రెండో ప్లేస్టేషన్ స్లిమ్ వచ్చినప్పుడు హార్డ్ డిస్క్ పెట్టుకునే చోటు పోయింది. 2009 నాటి మూడోదాని స్లిమ్‌లో కంప్యూటర్‌లా వాడుకోవడానికి లినక్స్ సాఫ్ట్‌వేర్ వేసుకునే వీలు పోయింది. 2016లో నాలుగోది సన్నబడినప్పుడు ఆప్టికల్ ఆడియో పోర్టు పోయింది, అప్పట్లో పాత హోమ్ థియేటర్ ఉన్నవాళ్లు చాలా బాధపడ్డారు. ఈసారి పోయింది స్టాండు. మొదటి మోడల్‌తో పెట్టెలోనే స్టాండు వచ్చేది, నిలబెట్టినా పడుకోబెట్టినా అదే సరిపోయేది. స్లిమ్‌తో పడుకోబెట్టడానికి రెండు చిన్న ప్లాస్టిక్ కాళ్లు మాత్రం ఇస్తారు. నిలబెట్టాలంటే స్టాండు విడిగా కొనాలి. యాభై వేలు దాటిన వస్తువుకు ఇది న్యాయం కాదని నా అభిప్రాయం. ఆ ప్లాస్టిక్ కాళ్లు కూడా పెట్టెను జరిపితే ఊడిపోతాయి, తుడిచేటప్పుడు మళ్లీ సర్దుకోవాలి. ముందువైపు పోర్టులు రెండూ సీ టైపువే అయ్యాయి. పాత పెన్‌డ్రైవ్, పాత కేబుల్ ఏదైనా గుచ్చాలంటే చెయ్యి వెనక్కి పెట్టి వెతుక్కోవాల్సిందే.

ఇప్పుడు ఎండ సంగతి. అమ్మేవాళ్లెవరూ దీని గురించి మాట్లాడరు, మన జిల్లాలో మాత్రం ముందు మాట్లాడాల్సింది దీని గురించే. ఈ కన్సోల్ 5 నుంచి 35 డిగ్రీల వేడిలో పనిచేసేలా తయారైంది. మే నెలలో నల్లగొండ జిల్లాలో బయట 44, 45 డిగ్రీలు మామూలే. డాబా ఇంట్లో ఏసీ లేని హాలైతే రాత్రి ఎనిమిదింటికి కూడా గోడలు సెగలు కక్కుతుంటాయి. లోపల 35 దాటుతుందని చెప్పడానికి థర్మామీటర్ అక్కర్లేదు. అందుకని మా ఇంట్లో మే నెలంతా మధ్యాహ్నం పూట ఆట బంద్. పిల్లలు అలిగినా సరే. పొద్దున పది లోపల, లేదంటే రాత్రి అన్నం తిన్నాక ఆడుకోవాలి. చలికాలంలో ఫ్యాన్ చప్పుడు చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప వినపడదు, ఎండాకాలం రాత్రుల్లో పెద్ద ఆటలు పెడితే హాల్లోకి వినిపిస్తుంది. అయినా టీవీ సౌండును మించదు, మధ్యలో ఆగిపోవడం లాంటి ఇబ్బంది ఎప్పుడూ రాలేదు. సన్నగా చేశారు కాబట్టి ఎక్కువ వేడెక్కుతుందేమో అన్న భయం నాకూ ఉండేది. ఆ భయం అక్కర్లేదు.

కూలర్ వాడేవాళ్లకు ఒక మాట. కూలర్ గాలి తేమతో వస్తుంది. చల్లగా ఉంటుంది కదా అని దాన్ని నేరుగా కన్సోల్ వైపు తిప్పొద్దు. మనుషుల వైపు తిప్పి, కన్సోల్‌ను పక్క గోడకు ఉంచండి. గాలి దీనికి ముందు నుంచి లోపలికి పోయి, వేడి వెనక నుంచి బయటికొస్తుంది. వెనక కనీసం పది సెంటీమీటర్లు, వీలైతే జానెడు ఖాళీ ఉండాలి. తలుపులున్న అద్దాల షోకేసులో పెట్టి తలుపు మూసి ఆడటం దీనికి అన్నిటికంటే చేటు.

ఎండ ఒక ఎత్తైతే దుమ్ము ఇంకో ఎత్తు. మిర్యాలగూడ అంటేనే రైస్ మిల్లులు. యాసంగి వడ్లు దిగే రోజుల్లో లారీల వరుసలు, మిల్లుల్లో బాయిలర్ల ఊక బూడిద, ఆ నల్లటి నలుసులు రాత్రికి రాత్రే ఈ తెల్లటి ప్యానెళ్ల మీద వాలుతాయి. స్లిమ్‌లో ప్యానెల్ సగం మెరుపు, సగం గరుకు. మెరిసే సగం మీద దుమ్మూ వేలిముద్రలూ బాగా కనిపిస్తాయి, పొడి గుడ్డతో గట్టిగా రుద్దితే గీతలు పడతాయి. మెత్తటి బ్రష్‌తో ముందు దులిపి, ఆ తర్వాత కళ్లద్దాలు తుడిచే గుడ్డ వాడుతున్నాం. ప్యానెళ్లు తీయడానికి స్క్రూ డ్రైవర్ అక్కర్లేదు, చేత్తో లేపితే వస్తాయి. లోపల ఫ్యాన్ రెక్కల మీద పేరుకున్న దుమ్ము చూస్తే ఎవరికైనా ఆశ్చర్యమేస్తుంది. కరెంటు వైరు పూర్తిగా పీకి, రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని, చిన్న బ్లోయర్‌తో ఊదాలి. హైదరాబాద్‌లో రెండు మూడు నెలలకోసారి చేస్తే సరిపోతుందేమో, మిల్లుల పక్కన ఉండేవాళ్లు నెలకోసారి చేయాలి. ఆట అయ్యాక, పెట్టె చల్లారాక పల్చటి గుడ్డ కప్పుతాం. ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రం ఏదీ కప్పకూడదు.

కరెంటు ఖర్చుకు భయపడాల్సింది లేదు. పెద్ద ఆటలకు ఇది 200 వాట్ల చుట్టుపక్కల లాగుతుంది, టీవీతో కలిపి మూడు గంటలు ఆడితే ఒక యూనిట్ కాలుతుందనుకోండి. తొలకరికి ముందు ఈదురుగాలులు వీచినప్పుడు కరెంటు పోయి వస్తూ ఉంటుంది కదా, అప్పుడే జాగ్రత్త కావాలి. ఆ రోజుల్లో రెస్ట్ మోడ్‌లో, అంటే సగం నిద్రలో వదిలేయకుండా పూర్తిగా ఆఫ్ చేసి ప్లగ్ తీసేయండి. ఇన్వర్టర్ మీద ఆడేవాళ్లది లైను కరెంటులాంటిదే ఇచ్చే ప్యూర్ సైన్‌వేవ్ రకమై ఉండాలి.

డిస్కా, డిజిటలా అన్నదాని దగ్గర నాకు అనుమానమే లేదు. కొత్త పెద్ద ఆట నాలుగైదు వేలు. డిజిటల్‌లో కొంటే అది మీ అకౌంటులోనే ఉండిపోతుంది, ఆడేశాక దాన్ని ఇంకొకరికి ఇవ్వలేరు, అమ్మలేరు. డిస్క్ అయితే పూర్తి చేశాక సగం ధరకైనా పోతుంది. మా పట్నంలో స్నేహితులం కొందరం ఒకరు కొన్నది ఇంకొకరికి ఇచ్చుకుంటాం. ఒకరి దగ్గర క్రికెట్ 24, ఇంకొకరి దగ్గర ఫుట్‌బాల్, ఇంకొకరి దగ్గర కథ ఉన్న ఆట. ఇట్ల తిప్పుకుంటే ఏడాదికి ఒక్కొక్కరు ఒకటో రెండో కొంటే చాలు. పాత ప్లేస్టేషన్ 4 డిస్కులు ఇంట్లో పడి ఉంటే అవి కూడా దాదాపు అన్నీ ఇందులో నడుస్తాయి, డిజిటల్ మోడల్ కొన్నవాళ్లకు ఆ డిస్కులన్నీ దండగ. డిజిటల్ కొని డబ్బు మిగిలిందని సంబరపడితే రెండు మూడు ఆటల్లోనే ఆ మిగులు కరిగిపోతుంది.

ఇంటర్నెట్ సంగతీ ఆలోచించాలి. వంద జీబీ ఆట దిగాలంటే 40 ఎంబీపీఎస్ లైన్ మీద ఐదారు గంటలు పడుతుంది, అదీ లైన్ తెగకుండా ఉంటేనే. మొబైల్ హాట్‌స్పాట్ మీద ఆధారపడేవాళ్లకు అది అయ్యే పని కాదు. డిస్క్ నుంచి ఇన్‌స్టాల్ చేస్తే ఆటలో ఎక్కువ భాగం అందులోంచే ఎక్కుతుంది, పైన అప్‌డేట్ దించుకుంటే చాలు. ఆడేటప్పుడు డిస్క్ లోపల ఉండాల్సిందే, అది మర్చిపోవద్దు.

స్లిమ్‌లో ఈ డ్రైవ్ ఊడదీసి పెట్టుకునే రకం. ముందు డిజిటల్ కొని, తర్వాత డ్రైవ్ విడిగా తగిలించుకోవచ్చు. ఇది స్లిమ్‌లో చేసిన మంచి మార్పు, చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లకు దారి చూపుతుంది. కానీ తగిలించిన డ్రైవ్‌ను కన్సోల్‌తో జత చేయడానికి మొదటిసారి ఇంటర్నెట్ తప్పనిసరి. ఒక్కసారికే అయినా, కొన్నవాడి చేతిలో ఉన్న వస్తువు పనిచేయడానికి ఎక్కడో ఉన్న సర్వర్ ఒప్పుకోవాలనడం నాకు నచ్చలేదు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ సర్వర్ ఉంటుందా? పాత రెండో ప్లేస్టేషన్‌కు ఈ బాధ లేదు, అటక మీంచి దించి వైరు పెడితే ఇప్పటికీ ఆడుకోవచ్చు.

స్టోరేజీ పాత 825 జీబీ నుంచి 1 టీబీకి పెరిగింది, వాడుకోవడానికి 840 జీబీ చిల్లర దొరుకుతుంది. పెద్ద ఆటలు ఏడెనిమిది పడతాయి. డిస్కుల మీద ఆడేవాళ్లకు ఇది చాలు, తీసేసి మళ్లీ ఎక్కించుకోవచ్చు. చాలదనుకుంటే లోపల ఎం.2 ఎస్‌ఎస్‌డీ అనే చిన్న స్టోరేజీ కార్డు వేసుకునే చోటు ఉంది. ఆటలో ఎక్కడిదాకా వచ్చామో దాచే సేవ్ ఫైళ్ల విషయంలో మాత్రం నాకు కోపం ఉంది. ప్లేస్టేషన్ 5 ఆటల సేవ్‌లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోనివ్వరు, క్లౌడ్‌లో దాచుకోవాలంటే నెలనెలా లేదా ఏడాదికి చందా కట్టాలి. నెలల తరబడి ఆడిన శ్రమను భద్రంగా దాచుకోవడానికి విడిగా డబ్బు అడగడం అన్యాయం.

కంట్రోలర్ చేతికి చాలా బాగుంటుంది. విల్లు లాగితే ట్రిగ్గర్ బిగుసుకోవడం, ఇసుకలో నడిస్తే వేళ్లకు తెలియడం ఇంతకుముందు ఏ కన్సోల్‌లోనూ ఇంత బాగా లేదు. పెట్టెలోనే ఉచితంగా వచ్చే ఆస్ట్రోస్ ప్లేరూమ్‌లో ఇదంతా తెలుస్తుంది, ఎప్పుడూ ఆటలు ఆడని మా అమ్మ కూడా దాన్ని పట్టుకుని నవ్వింది. ఛార్జింగ్ తక్కువ సేపు నిలుస్తుంది. లోపలి స్టిక్కులు రాపిడి మీద పనిచేసే రకం కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ అరిగి, వదిలేసినా బొమ్మ దానంతటదే కదిలే సమస్య వస్తుంది. దుమ్ము దాన్ని ఇంకా త్వరగా తెస్తుంది. వాడనప్పుడు కంట్రోలర్‌ను డ్రాయర్‌లో పెట్టుకోండి.

ఇప్పటికే లావు మోడల్ ఉన్నవాళ్లు దీనికి మారాల్సిన పని లేదు, మా బావమరిదికీ అదే చెప్పాను. దీనికంటే శక్తివంతమైన ప్రో మోడల్ 2024 నవంబరులో విడుదలైనప్పుడు, 6 గిగాహెర్ట్జ్ వైఫైకి అనుమతి లేనందున మన దేశానికి రాలేదు. దిగుమతి చేసుకున్నది ఎక్కువ డబ్బు పెట్టి కొనడం కంటే, మామూలు 4కే టీవీ ఉన్న ఇంటికి స్లిమ్ చాలు. ఇంకా 32 అంగుళాల హెచ్‌డీ టీవీయే ఉంటే ముందు టీవీ సంగతి చూసుకోండి, కన్సోల్ వచ్చే సేల్‌కు కొనవచ్చు.