కెమెరాలో గ్రిడ్ గీతలు: కొన్నేళ్లు వాడాక

ఫోటోలు తీయడం నేర్చుకుంటామని ఎవరైనా అంటే మొదట వినిపించే సలహా "గ్రిడ్ ఆన్ చేసుకో". తెర మీద నిలువుగా రెండు, అడ్డంగా రెండు సన్న గీతలు వస్తాయి, ఫ్రేము తొమ్మిది గళ్లవుతుంది. ముందు ఫోన్‌లో, తర్వాత మిర్రర్‌లెస్ కెమెరాలో (లోపల అద్దం లేకుండా, లెన్సులు మార్చుకునే రకం), కొన్నేళ్లుగా నాకు ఆ గీతలు లేకుండా తెర చూసే అలవాటే పోయింది. కొత్తవాళ్లు తప్పకుండా పెట్టుకోవాలనే అంటాను. కాకపోతే అందరూ చెప్పే కారణం వేరు, నేను చెప్పేది వేరు.

అందరూ చెప్పేది రూల్ ఆఫ్ థర్డ్స్, అంటే మూడో వంతుల సూత్రం. ముఖ్యమైనదాన్ని గీతలు కలిసే నాలుగు చోట్లలో ఎక్కడో ఒకచోట పెడితే ఫోటో బాగుంటుందని. ఇది కెమెరా కంటే పాత మాట. 1797లోనే జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు ప్రకృతి దృశ్యాల గురించి రాస్తూ, ఆకాశానికి మూడింట రెండు వంతులో, ఒక వంతో ఇచ్చి మిగతాది కింది భాగానికి వదిలితే బాగుంటుందన్నాడు. బొమ్మ గీసేవాళ్లకు అది సుఖమే. చెట్టు అడ్డమైతే గీయడం మానేస్తారు, పడవ దూరమైతే దగ్గరగా గీసుకుంటారు. మనకు ఆ వీలు లేదు. జరగాల్సింది మనమే.

గ్రిడ్ మీద నా పెద్ద ఫిర్యాదు ఇక్కడే. నిల్చున్న చోటే నిల్చుని ఫోన్‌ను కాస్త పక్కకు తిప్పి, మనిషిని గీత మీదకు తెచ్చేస్తే కంపోజిషన్, అంటే ఫ్రేములో అన్నిటినీ అమర్చుకునే పని, అయిపోయిందనిపిస్తుంది. అలా తిప్పితే ఫ్రేములో మనిషి చోటు మారుతుందంతే. ఆ మనిషికీ వెనకున్నవాటికీ మధ్య సంబంధం మారదు. అది మారాలంటే రెండడుగులు వేయాలి, లేదా వంగాలి.

రాజమండ్రి పుష్కర ఘాట్ దీనికి మంచి చోటు. ఊరు గోదావరికి తూర్పు గట్టున ఉంది కాబట్టి సాయంత్రం సూర్యుడు ఏటి అవతల, కొవ్వూరు వైపు దిగుతాడు. ఎదురుగా ఆర్చ్ బ్రిడ్జి, 28 కమానులు, ఒక్కోటి దాదాపు 98 మీటర్ల పొడవు, దూరం పోయేకొద్దీ చిన్నవవుతూ చూపును తమతో లాక్కుపోతాయి. మబ్బులు బాగుంటే నీటి అంచును కింది గీతకు తెస్తాను. ఆకాశం బోసిగా ఉండి రంగంతా నీళ్లలోనే ఉంటే పై గీతకు ఎక్కిస్తాను. ఇంతవరకు గ్రిడ్ చక్కగా పనిచేస్తుంది. ఇప్పుడు ఒక పడవ ఎడమ నుంచి కుడికి వెళ్తోందనుకోండి. దాన్ని ఎడమ నిలువు గీత మీద ఉంచితే ముందు ఖాళీ నీళ్లుంటాయి, వెళ్తున్నట్టే కనిపిస్తుంది. కుడి గీత మీద పెడితే ఫ్రేములోంచి బయటపడిపోతున్నట్టుంటుంది. కానీ అసలు సంగతి మెట్ల దగ్గర తేలుతుంది. కింది మెట్టు మీద కూర్చుంటే పడవవాడి తల వంతెన స్తంభాలకు తగులుతుంది. నల్లటి తల, నల్లటి స్తంభం కలిసిపోయి మనిషి ఆకారమే పోతుంది. నాలుగు మెట్లు పైకెక్కితే ఆ తల కిందికి దిగి, మెరిసే నీళ్ల మీద విడిగా నిలబడుతుంది. రెండు ఫోటోల్లోనూ పడవ అదే గీత మీద ఉంటుంది. ఒకటి దాచుకునేది, ఇంకోటి డిలీట్ చేసేది. ఈ తేడా ఏ గీతా చెప్పదు.

పెళ్లి ఫోటోల్లోనూ ఇదే గొడవ. పెళ్లికూతురి కళ్లను పై గీత దగ్గర ఉంచితే తల మీద అనవసరమైన ఖాళీ తగ్గుతుంది, నిజమే. కానీ మండపం స్తంభం సరిగ్గా నడినెత్తిలోంచి మొలిచినట్టు వస్తే కళ్లు ఎక్కడుంటేనేం?

ఇక నాకు గ్రిడ్ నిజంగా ఉపయోగపడిన పని చెబుతాను. నడిమి గడిని వదిలేసి చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లను ఒకసారి చుట్టి చూడటం. మామూలుగా మన కన్ను మొహం మీదే అతుక్కుంటుంది. గళ్లు ఉంటే మూలలు కూడా కనిపిస్తాయి. ఎడమ కింద సగం తెగిన ప్లాస్టిక్ కుర్చీ, కుడి పక్క వాటర్ బాటిల్, పైన వేలాడే కరెంటు వైరు, అంచుకు చిక్కి సగమే మిగిలిన ఎవరిదో మోచెయ్యి. ఒక్క సెకను పని. ఫ్రేములో ఏది పెట్టాలన్న దానికంటే ఏది తీసేయాలన్నది గ్రిడ్ వల్ల నాకు ఎక్కువ అలవాటైంది.

చార్మినార్ దగ్గరికి వెళ్తే ఈ 3×3 గళ్లు పూర్తిగా చేతులెత్తేస్తాయి. 1591లో నాలుగు వైపులా ఒకేలా ఉండేట్టు కట్టిన కట్టడం అది. దగ్గర్లోని గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ వైపు నుంచి తిన్నగా చూస్తే నడిమధ్యన పెట్టమనే అడుగుతుంది. దాన్ని తీసుకెళ్లి మూడో వంతు గీత మీద పెడితే ఎవరో పక్కకు నెట్టినట్టుంటుంది. నడిమికి పెడదామంటే ఈ గ్రిడ్‌లో మధ్య గీత లేదు! రెండు నిలువు గీతలకూ రెండు మినార్లు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకుని సరిచేసుకోవాలి. ఆ నిలువు గీతల వల్ల ఇంకో లాభం ఉంది. ఫోన్ పైకెత్తితే మినార్లు లోపలికి వాలిపోతాయి, గీత పక్కన ఆ వాలు వెంటనే తెలిసిపోతుంది. ఫోన్‌ను నిటారుగా ఉంచి వెనక్కి నడిస్తే సర్దుకుంటుంది. వెనక్కి నడవడానికి ఆ రద్దీలో చోటు దొరకాలి, అది వేరే సంగతి.

కెమెరాల్లో ఈ ఇబ్బంది తక్కువ. చాలా కానన్ మోడళ్లలో 6×4 గళ్లు ఉంటాయి, అందులో నడిమి గీత దొరుకుతుంది. 3×3కి ఐమూల గీతలు కలిపిన రకం కూడా ఉంది. సోనీలో చదరపు గళ్లు, ఐమూల గీతలు ఇస్తారు. ఐమూలవి నాకు పెద్దగా పనికిరాలేదు. తెర నిండా గీతలైపోయి ఎదురుగా ఉన్న మనిషే కనబడడు. కట్టడాలకు 6×4, మిగతా అన్నిటికీ 3×3, ఇదీ నా వాడకం.

ఐఫోన్‌లో గ్రిడ్ పక్కనే లెవెల్ అని ఇంకో ఆప్షన్ ఉంటుంది. చెరువు గట్టు, సముద్రం వంగిపోకుండా ఉండాలంటే అది గ్రిడ్ కంటే నయం. ఫోన్ తిన్నగా రాగానే గీత పసుపు రంగుకు మారుతుంది. ఫోన్‌ను నేలవైపు బోర్లిస్తే రెండు ప్లస్ గుర్తులు వస్తాయి, అవి ఒకదాని మీద ఒకటి కూర్చుంటే ఫోన్ సమంగా ఉన్నట్టు. ముగ్గునో, అరిటాకులో భోజనాన్నో, బతుకమ్మనో నేరుగా పైనుంచి తీసేటప్పుడు దీన్ని మించింది లేదు. గుండ్రంగా ఉన్నది గుండ్రంగానే వస్తుంది, ఒక పక్కకు సాగదు.

ఒక్క జాగ్రత్త. ఫోటో రెండు పక్కల పొడవుల నిష్పత్తి ఫోన్‌లో మామూలుగా 4:3 ఉంటుంది, చాలా కెమెరాల్లో 3:2. దాన్నే తర్వాత స్టేటస్ కోసం నిలువుగా 9:16కి కత్తిరిస్తే గీతలు చూసుకుని పెట్టిన లెక్కంతా పోతుంది. ఎందులో పెట్టబోతున్నారో ముందే తెలిస్తే తీసేటప్పుడే ఆ కొలతకు మార్చుకోండి, గ్రిడ్ దానితోపాటే మారుతుంది. తెలియకపోతే చుట్టూ కాస్త చోటు వదిలి తీయండి.