అవుకు నుంచి గండికోట దాకా: స్పీడ్ బోటు కోసం రెండు రోజులు

2018 నవంబరులో విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణ మీద ఎఫ్‌1హెచ్‌2ఓ పవర్‌బోట్ పందెం (నీళ్ళ మీద ఫార్ములా వన్ లాంటిది) జరిగింది. కర్నూలు నుంచి రాత్రంతా బస్సులో వెళ్ళి మా అబ్బోడిని భుజాల మీద కూర్చోబెట్టుకుని చూపించాను. అప్పుడు వాడికి ఐదేళ్ళు. ఇప్పుడు ఏడో తరగతి. ఈ ఏడేళ్ళలో వాడు నన్ను కనీసం వందసార్లు అడిగిన ప్రశ్న ఒకటే: "నాయనా, మన దగ్గర ఎందుకు పెట్టరు?"

అందుకే మొన్న డిసెంబరులో రెండు రోజులు సెలవు పెట్టి, మన వైపు నీళ్ళ మీద స్పీడ్ బోటు ఎక్కడ ఎలా ఉందో చూసొద్దామని బయలుదేరాం. నేను, నా భార్య, అబ్బోడు, తాడిపత్రి నుంచి వచ్చిన మా బావమరిది.

ముందు ఆ పందెం గురించి కొంచెం చెప్పాలి. ఆ బోటు పొడవు ఆరు మీటర్లు, బరువు నాలుగు వందల కిలోల లోపే. దానికి వెనక సుమారు 400 హార్స్‌పవర్ ఇంజన్. గంటకు 200 కిలోమీటర్లు దాటి పోతుంది. బ్రేకులు లేవు, గేర్లు లేవు. అడుగున రెండు పక్కలా రెండు పొడవాటి దిమ్మెలు, మధ్యలో సొరంగంలా ఖాళీ. వేగం పెరిగేకొద్దీ ఆ ఖాళీలో గాలి దూరి బోటును పైకి లేపుతుంది. నీళ్ళను తాకేది వెనక కొద్ది భాగమే. గాలి కాస్త ఎక్కువ దూరితే ముందు భాగం లేచి వెల్లకిలా పడుతుంది. అందుకే డ్రైవరును పందెంలోకి దింపే ముందు తలకిందులైన క్యాబిన్‌లో నీళ్ళలో ముంచి, తనంతట తానే బయటపడగలడో లేదో పరీక్ష పెడతారు.

చూసేవాళ్ళకు నా సలహా ఒకటే. మలుపు దగ్గర నిలబడండి. మొదటి రోజు మేము తిన్నగా పోయే చోట నిలబడి, తెల్లటి నీటి తుంపరలు తప్ప ఏమీ చూడలేకపోయాం. రెండో రోజు మలుపులకు గుర్తుగా నీళ్ళ మీద తేలే బోయాల (buoys) దగ్గరికి మారాక తెలిసింది అసలు పందెం ఏమిటో. ఎవరు ఎంత దగ్గరగా కోసుకుని తిరుగుతున్నారు, ఎవరు వెడల్పుగా పోయి చోటు పోగొట్టుకుంటున్నారు, అంతా అక్కడే కనబడుతుంది. బండలాగుడు పోటీలు చూసి పెరిగినవాళ్ళం కదా, ఎడ్ల జత ఎక్కడ తడబడిందో చెప్పగల కళ్ళు మనవి. బోటు పందెం చూడ్డానికి కూడా ఆ కళ్ళు చాలు.

కర్నూలు పక్కన గార్గేయపురం చెరువులో బోటింగు ఉంది. చిన్నపిల్లలతో సాయంత్రం పూట పోవడానికి బాగుంటుంది. వేగం కోసం పోయే చోటు మాత్రం కాదు. ఆగకుండా ముందుకు పోయాం.

మా దారి ఒక రకంగా నీళ్ళ దారే. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు దగ్గర తీసుకున్న కృష్ణ నీళ్ళు బనకచర్ల మీదుగా గోరకల్లు జలాశయానికి, అక్కడి నుంచి అవుకు జలాశయానికి, అవుకు నుంచి గండికోటకు పోతాయి. ఈ మాట చెప్పగానే అబ్బోడి మొహం వెలిగిపోయింది. "అంటే విజయవాడ పందెం నీళ్ళూ ఇవీ ఒకటే ఏటివా?" అన్నాడు. అవును మరి.

బనగానపల్లెలో ఆగి ఉగ్గాని బజ్జీ తిన్నాం. వేడివేడిగా, పైన పుట్నాల పొడి చల్లి ఇచ్చారు. ఆ తర్వాత నాపరాళ్ళ లారీల వెనక దుమ్ములో నెమ్మదిగా అవుకు చేరాం. పిల్లలుంటే కారు అద్దాలు దించకండి.

అవుకు నాకు బాగా నచ్చింది. చుట్టూ కొండలు, మధ్యలో విశాలమైన నీళ్ళు. పొద్దున తొమ్మిదిలోపు గాలి లేదు, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. స్పీడ్ బోటు డ్రైవరు ముప్పై ఏళ్ళ కుర్రాడు. ఎక్కే ముందే అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగి, పట్టీలు తానే లాగి చూశాడు. మా బావమరిది "నాకు ఈత వచ్చులేప్పా" అంటే, "వచ్చినా సరే అన్నా, వేసుకోవాల్సిందే" అని నవ్వుతూనే కచ్చితంగా చెప్పాడు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగిన సంగతి ఈ రాష్ట్రంలో ఎవరు మరిచిపోగలరు? ఆ కుర్రాడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

బోటు కదిలాక మొదట ముక్కు పైకి లేచింది, ముందు ఏమీ కనబడలేదు. వేగం అందుకోగానే కిందికి దిగి, నీళ్ళ మీద జారినట్టు పోయింది. అబ్బోడు డ్రైవరు పక్కనే కూర్చుని ట్రిమ్ గురించి అడిగాడు. ఇంజన్‌ను కొంచెం లోపలికి వంచితే ముక్కు దిగుతుంది, బయటికి వంచితే లేస్తుంది. పెద్ద పందెం బోట్లలోనూ డ్రైవరు ఇదే పని చేస్తాడు, కాకపోతే రెప్పపాటులో. ఆ కుర్రాడు ఒకసారి చేసి చూపించాడు. బోటు లేవడం, దిగడం మా నడుములకు తెలిసింది. డబ్బు పెట్టి పదిసార్లు టీవీలో చూసినా రాని పాఠం అది.

మధ్యాహ్నం రెండోసారి ఎక్కితే అలలు మొదలై ఒళ్ళు హూనమైంది. ఎక్కేవాళ్ళు పొద్దున్నే ఎక్కండి. నడుం నొప్పి ఉన్నవాళ్ళు వెనక సీట్లో కూర్చోండి, ముందు సీట్లో దెబ్బ ఎక్కువ.

ఇదే యాత్రలో ఇంకొక చోట ఎక్కిన బోటు గురించి చెప్పకుండా ఉండలేను. ఊరి పేరు రాయను. స్పీడ్ బోటు డ్రైవరు పక్కన ఎర్రటి చుట్టల తాడు ఒకటి ఉంటుంది. ఒక కొన స్విచ్‌కి, ఇంకో కొన డ్రైవరు ఒంటికి తగిలించుకోవాలి. డ్రైవరు జారి నీళ్ళలో పడితే తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుంది. లేకపోతే మనిషి లేని బోటు సుడి తిరుగుతూ పడినవాడి మీదికే వస్తుంది. అక్కడ ఆ తాడు స్విచ్‌కే చుట్టి పెట్టి ఉంది. అబ్బోడే ముందు చూశాడు. డ్రైవరును అడిగితే "ఏం కాదు సార్, రోజూ ఇంతే" అన్నాడు. నాకు టెన్షన్ వచ్చి, డబ్బు పోయినా సరేనని దిగిపోయాం. ఎక్కడికి వెళ్ళినా ముందు ఆ తాడు చూడండి.

ఆ రాత్రి దారిలో ఒక ప్రైవేటు లాడ్జిలో పడుకున్నాం. వేడినీళ్ళు రాలేదు, దుప్పట్లు మాసిపోయి ఉన్నాయి. నేరుగా గండికోటలో టూరిజం వాళ్ళ హరిత హోటల్‌కు వెళ్ళిపోయి ఉండాల్సింది అనుకున్నాం. మర్నాడు అక్కడే దిగాం. కోట దగ్గరే కాబట్టి తెల్లవారుజామున కారు తీయకుండా లోయ అంచుకు నడిచి పోవచ్చు. మాకు అది చాలు. వయసులో ఉన్నవాళ్ళు టెంట్లలో ఉంటున్నారు గానీ, డిసెంబరు చలికి మా ఆవిడ ఒప్పుకోలేదు. శనివారమైతే ముందే బుక్ చేసుకోండి.

గండికోటలో వేగం గురించి ఆలోచించబుద్ధి కాదు. ఎర్ర రాళ్ళు, కింద పెన్న, పక్కన మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు. అక్కడ కయాకే అందం. ఇంజన్ మోత ఆ లోయలో వద్దు. జలాశయం వైపు వెళ్తే నీళ్ళు విశాలంగానే ఉన్నాయి, కానీ ఆ నీళ్ళ కింద తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళున్నాయి. 2020లో ఇళ్ళు వదిలి వచ్చినవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు. అక్కడ పందెం పెట్టాలని నాకు అనిపించలేదు.

పెడితే అవుకులోనే పెట్టాలి. పెద్ద బోట్లు అక్కర్లేదు. బయటి దేశాల్లో బడి పిల్లలే 15 హార్స్‌పవర్ ఇంజన్లతో జీటీ15 అనే తరగతిలో పోటీపడతారు. గాలి నింపిన చిన్న బోట్లలో ఇద్దరేసి కూర్చుని, ఒకరు నడుపుతుంటే ఇంకొకరు మలుపులో బరువు వేసి బ్యాలెన్స్ చేసే పందేలూ ఉన్నాయి. అవుకు నీళ్ళ మీద నాలుగు బోయాలు, రెండు రెస్క్యూ బోట్లు, ఈతగాళ్ళు, గట్టున ఒక అంబులెన్స్. ఇవి సమకూరితే సంక్రాంతికి బండలాగుడుకు వచ్చే జనమంతా ఇక్కడికీ వస్తారు. చూడ్డానికి గట్టు ఉంది. తినడానికి సంగటి, నాటుకోడి పులుసు దొరుకుతాయి. ఉండడానికి మంచి గదులు మాత్రం పెరగాలి.

తిరిగి వస్తుంటే డోన్ దాటాక అబ్బోడు అడిగాడు: "తలకిందులు పరీక్ష పాస్ కావాలంటే ముందు ఏం నేర్చుకోవాలి నాయనా?" ఈత, అన్నాను. సోమవారం సాయంత్రం స్విమ్మింగ్ పూల్‌కు వెళ్ళి వాడి పేరు రాయించి వచ్చాం. ఫారంలో నా పేరు కూడా రాయమన్నాను, నాకూ ఈత రాదు.